మబ్బు పాటలో నాకు దొరికిన జాగా

ఫోన్లలో మన పల్లె పాటల వీడియోలు చూసేవాళ్లకు ఒక సంగతి ముందే చెప్పేస్తాను. అందులో పాడేది ఒకరు, పెదవులు కదిపేది ఇంకొకరు. ఇందులో మోసమేమీ లేదు, ఆ పని అట్లాగే నడుస్తుంది. పాడేవాళ్లకు గొంతుంటే చాలు. కనపడేవాళ్లకు జడ కావాలి, కళ్లు కావాలి, లంగావోణీ కట్టుకొని పొద్దంతా ఎండలో నవ్వే ఓపిక కావాలి. నాకు గొంతుంది. మిగతా వాటి సంగతి మా అత్తను అడగండి, ఏదీ దాచుకోకుండా చెబుతుంది.

మాది దేవరకొండ పక్కన ఒక ఊరు. బోరు పోసిన మేరకే వరి, మిగతాదంతా పత్తి, కంది. నేను ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. నాట్లు మొదలైతే మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి మా అత్త వెంట మడిలోకి దిగాల్సిందే. చుట్టుపక్కల ఊళ్లలో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు మా అత్తే పెద్ద. ఎవరి మడి ఏ రోజో, నాటేసే వరసలో, మేం సాలంటాం, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆమె చెబుతుంది. నేను కాపురానికి వచ్చిన ఏడే నన్ను నడి సాలులో నిలబెట్టింది. నడి సాలు పాట ఎత్తుకునేవాళ్లది. అప్పటికి నా వంట ఆమెకు నచ్చలేదు, నా నడక నచ్చలేదు, పొద్దున లేచే టైము అసలే నచ్చలేదు. పాట మాత్రం నచ్చింది. ఆ మాట నోటితో చెప్పకుండా జాగా ఇచ్చి చెప్పింది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఊళ్లో అందరి చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చాయి. ఫోన్లతో పాటే పాటల వీడియోలూ వచ్చాయి. పెళ్లిళ్లు తీసే ఫోటో స్టూడియోల వాళ్లు చాలామంది డైరెక్టర్లయ్యారు. దేవరకొండలో మా స్టూడియో అన్న కూడా అట్లా అయినవాడే. ఒక ఓణీల ఫంక్షన్ తీయడానికి మా ఊరొచ్చి, పసుపు దంచేటప్పుడు నేను పాడింది విన్నాడు. కెమెరా దించి, అక్కా, రికార్డింగ్‌కు వస్తవా అని అడిగాడు. నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన వాళ్లమ్మ ముఖం చూశాడు. ఆమె రోకలి ఆపకుండా, పొయ్యి రానీ, దానికి ఇంట్ల ఎట్లా చేతులు ఆడవు అంది. మా ఇంట్లో సరే అనే మాటకు అదే రూపం.

ఆ వీడియోలకొక పద్ధతి ఉంది. పెళ్లి తంతు ఎంత తప్పకుండా జరుగుతుందో అదీ అంతే తప్పకుండా జరుగుతుంది. మొదట డ్రోన్ లేస్తుంది, పొలాలు పైనుంచి కనపడతాయి. తర్వాత పట్టీలున్న కాళ్లు. ఆ తర్వాత జడ ముందునుంచి వెనక్కి పడుతుంది, అప్పుడు ముఖం. పిల్ల చంకలో బిందె ఉంటుంది. ఇంటింటికీ నల్లా వచ్చి ఇన్నేళ్లయినా వీడియోలో బిందె పోలేదు. ఊరంతా ట్రాక్టర్లున్నా హీరోకు మాత్రం ఎడ్లబండి కిరాయికి తేవాలి. చరణానికొక చీర మారుతుంది. వెనకాల నలుగురు ఆడపిల్లలు ఒకే రంగు బట్టల్లో ఊగుతారు, వాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో ఎటు పోతారో ఎవరూ అడగరు. పాట దేని గురించైనా రెండో చరణానికి బావ రావాల్సిందే.

అన్నిటికన్నా నన్ను అబ్బురపరిచింది స్లో మోషన్ తీసే తీరు. పిల్ల గాలిలో తేలుతున్నట్టు మెల్లగా కదలాలి, పెదవులు మాత్రం పాటతో కలవాలి. అందుకని తీసేటప్పుడు స్పీకర్లో పాటను ఉరికిస్తారు. నా గొంతు చీమిడి పిల్ల గొంతులా కీచుమంటూ పరుగెడుతుంటే, హీరోయిన్ పిల్ల అంతే వేగంగా నోరు కదుపుతుంది. తర్వాత కంప్యూటర్లో దాన్ని నెమ్మది చేస్తే పాట పాట తీరుగా, పిల్ల మబ్బు తీరుగా వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా పాటను ఎవరో తరుముతున్నారనిపించి నవ్వాగలేదు.

మొదటి పాట అట్లా వచ్చింది. ఆ వీడియో పట్టుకొని నేను మొదట ఉరికింది మా బాపు దగ్గరికి. బాపుది కల్వకుర్తి దిక్కు, మా పుట్టినూరు. వయసంతా బోరుబండి మీద పనిచేశాడు. మా దిక్కు నీళ్లు ఎంత లోతుకు దిగితే బాపు ఆ బండి మోత పక్కన అంతసేపు నిలబడ్డాడు. నా పెళ్లి నాటికే ఆయన చెవులు సగం పోయాయి, తర్వాత మొత్తం పోయాయి. నల్లగొండ దవాఖానలో ఇప్పించిన మిషను చెవిలో పెడితే ఈల తప్ప ఏమీ వినపడదని తీసి డబ్బాలో పెట్టేశాడు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకున్నాడు. బాగా తెలిసినవాళ్లవైతే చాలావరకు పట్టేస్తాడు. నాకు పాట నేర్పింది ఆయనే. సైకిల్ ముందరి కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకొని, తొక్కుతూ తొక్కుతూ పాడేవాడు, నాతో పాడించేవాడు.

అరుగు మీద పక్కన కూర్చొని ఫోన్ చేతికిచ్చాను. బాపు కండ్లద్దాలు పెట్టుకొని చివరిదాకా చూశాడు. చూసి, బిడ్డ మంచిగున్నది, ఎవరి పిల్ల అని అడిగాడు. పాట నాది బాపూ, నా గొంతు అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఆయన నవ్వి తలూపాడు. చిన్నప్పుడు నేను బొమ్మరిల్లు కట్టి ఇది మన బంగ్లా అంటే ఇట్లాగే నవ్వి తలూపేవాడు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు చాలా ఏడుపొచ్చింది. ఊళ్లకూళ్లు విన్న పాట నాకు నేర్పినవాడికి ఒక్కడికే చేరలేదు. నా నోరు కనపడితే తప్ప చేరదు కూడా. ఎదురుగా కూర్చొని పాడితే పాట పట్టుకుంటాడేమో, ఊళ్లు విన్నది నా పాటేనని మాత్రం నమ్మడు. పాడేవాళ్ల నోరు చూపించడం ఆ పద్ధతిలో లేదు.

రెండో పాటకు స్టూడియో అన్న నాట్ల పాట కావాలన్నాడు. నేను బాపు పాట ఇచ్చాను. అది ఆయనే కట్టాడో, ఎక్కడన్నా విని తెచ్చాడో ఎప్పుడూ చెప్పలేదు.

యాడ బోతవే మబ్బు యాడ బోతవే
మా మడి మీద జరసేపు కూసోరాదే

అన్న విని, చాలా మంచిగుంది, మబ్బు తీసి బావ పెడదాం అన్నాడు. నాకు కోపమొచ్చింది. బావ వస్తే మడికి నీళ్లొస్తాయా అన్నాను. చివరికి పల్లవి మబ్బుకు వదిలేశాడు, రెండో చరణం బావకిచ్చాడు. కల్వకుర్తిలో గోడలకు గుడ్ల అట్టలు అతికించిన చిన్న గదిలో రికార్డింగ్. నారు పట్టుకోకుండా ఖాళీ చేతులతో ఆ పాట పాడటం చాతకాక, పాడినంతసేపూ చున్నీ కొస నలుపుతూనే ఉన్నాను.

అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అన్నా, ఒక్కసారి నా ముఖం పెట్టు అని. నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అద్దంలో చూసుకుంటే ఆ జడ ఎక్కడ, ఆ కళ్లెక్కడ. ముఖం మీద మోజు పుట్టిందని ఊళ్లో నవ్వుతారేమోనని కూడా భయమే. మా ఆయనకు కూడా చెప్పలేదు.

షూటింగ్ మా ఊళ్లోనే పెట్టుకున్నారు. మా అత్త గుంపు అప్పుడు నాటేస్తున్న మడిలోనే. మాకు నాటు నడుస్తుంది, వాళ్లకు వీడియో అవుతుంది, ఇద్దరికీ మంచిదని రైతు ఒప్పుకున్నాడు. హైదరాబాదు నుంచి హీరోయిన్ పిల్ల వచ్చింది. పచ్చ లంగా, ఎర్ర ఓణీ, తల నిండా మల్లెలు. ఆమె మడిలో ముందు నిలబడి నారు పట్టుకొని పాడాలి. వెనకాల మావాళ్లు సాలు కట్టి నాటేస్తూ పాట అందుకోవాలి. అంతే పని.

స్పీకర్లో పాటను ఉరికించేసరికి ఆ పిల్లకు మాట దొరకలేదు. జరసేపు కూసోరాదే అనేది ఆమె నోట ఎటెటో పోతోంది. పాపం ఆమె తప్పేముంది, పట్నంలో పుట్టిన పిల్ల. అందుకని స్టూడియో అన్న నన్ను ఒడ్డు మీద కెమెరా పక్కన నిలబెట్టాడు. నేను నోరు పెద్దగా తెరిచి పాడుతుంటే ఆమె నన్ను చూసి పెదవులు కదపాలి. ఉపాయం పనిచేసింది. ఆమె లిప్ కుదిరింది.

చెడిపోయింది మావాళ్ల దగ్గర. షాట్ మొదలైతే చాలు, సాలు సాలంతా ముఖాలు ఒడ్డు దిక్కు తిప్పేస్తుంది, నా దిక్కు. చేతులు మాత్రం నాటేస్తూనే ఉంటాయి. నోళ్లు మూసే ఉంటాయి. అన్న ఆపి, అమ్మా, హీరోయిన్ దిక్కు చూడాలె, నోరు కదపాలె అని బతిమాలాడు. సరే బిడ్డా అన్నారు. మళ్లీ పాట మొదలైంది, మళ్లీ అందరి మెడలూ నా దిక్కే. అన్నకు కోపమొచ్చింది. నన్ను పక్కకు జరిపాడు, ముఖాలు అటు జరిగాయి. కొంచెం వెనక్కి పంపాడు, ముఖాలు నన్ను వెతుక్కుంటూ పైకి లేచాయి.

మావాళ్లు కావాలని చేసింది కాదది. నాటేసేటప్పుడు తల ఎత్తరు. గాలి, నీళ్ల చప్పుడు, పక్కవాళ్ల ముచ్చట్ల మధ్య పాట ఎత్తుకున్నామె చివరి మాట పట్టుకోవాలంటే ముఖం ఆమె దిక్కు తిప్పాల్సిందే. ఏళ్ల తరబడి అయిన అలవాటు. స్పీకర్లో ఎంత కీచుమన్నా ఆ గొంతు నాదని వాళ్లకు తెలుసు. గొంతు నాదైతే ముఖం నా దిక్కు పోతుంది. ఇక నోరెందుకు తెరవలేదంటే, మా గుంపులో ఒక కట్టు ఉంది. నీళ్లలో లేనివాళ్ల పాట అందుకోరు. ఒడ్డు మీద నిలబడేది ఆసామి, లేకపోతే దారిన పోయేవాళ్లు. వాళ్లు పాడితే వింటారు, అంతే. కాళ్లు బురదలో ఉన్నామె ఎత్తుకుంటేనే సాలు అందుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ అన్నకు చెప్పలేదు, చెబితే నన్ను దింపమని అడిగినట్టుంటుందని.

చివరికి మా అత్త నడుము ఎత్తింది. చేతిలో నారు కట్ట అట్లాగే ఉంది.

"అది ఒడ్డు మీదుంటె మేమెట్లందుకోవాలె? దాన్ని మడిలకు దింపు. లేదంటె నీ పెట్టె బంద్ చేసుకో, మా నాటు మేమేసుకుంటం."

అన్న తల పట్టుకున్నాడు. సింగర్‌ను ఫ్రేములో పెడితే ఇద్దరు హీరోయిన్లయితారు, చూసేవాళ్లకు సమజ్ కాదు అన్నాడు. అప్పుడు హీరోయిన్ పిల్ల, ఆ లైన్ అక్కనే పాడనీ అన్నా, నాకు నోరు తిరుగుతలేదు అంది. నిజంగా నోరు తిరగకనో, మా అత్త మాట మీద గౌరవంతోనో ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఆ పిల్ల చల్లగా ఉండాలి.

దిగమన్నారు. నాకు వేరే బట్టలు లేవు. నాట్లకు మేమందరం చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాం, దోమా ఎండా తగలకుండా. నేనూ మా ఆయన పాత గీతల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని నడి సాలులో నిలబడ్డాను. అన్న స్పీకర్ పెట్టబోతే అత్త వద్దంది. పాడేది ఎదురుంగ ఉంటే పెట్టెకేం పని అని. ఉరికే పాటకు నాటు పడదని కూడా అంది. అన్న విసిగిపోయి, సరే, మీ ఇష్టమొచ్చినట్టు పాడండి, నేను తీస్తా అన్నాడు. నేను ఎత్తుకున్నాను. సాలు అందుకుంది. అంతసేపు బిగుసుకున్న నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. మేము వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పాడుకుంటూ పోతుంటే, అన్న కెమెరా పట్టుకొని మోకాటి లోతు బురదలో మావెంట వచ్చాడు. మడి అయిపోయేదాకా ఆపలేదు.

కొన్ని రోజులకు, చూసిపొమ్మని అన్న స్టూడియోకు పిలిచాడు. పోయి చూశాను. మా సాలు కూడా నెమ్మదిగా కదులుతోంది. వీడియో అంతా స్లో మోషన్ కదా, ఇదొక్కటే మామూలుగా ఉంటే కుదుపులా ఉంటుందని అన్న దాన్నీ నెమ్మది చేశాడు. ఉరికించిన పాటకు తీసింది కాదు కాబట్టి పెదవులు పాటతో కలవడం లేదు. నేను జర అనేలోపు పాట కూసోరాదే దాకా పోయింది. చూడటానికి సొగసుగానే ఉంది. నీటి చుక్కలు గాలిలో తేలుతున్నాయి, బురద కూడా అందంగా ఉంది. నా నోరు మాత్రం చేప నోరులా ఊరికే తెరుచుకుని మూసుకుంటోంది.

అప్పుడు సిగ్గు పక్కన పెట్టాను.

"అన్నా, గీ ముక్క మామూలుగ ఉండనియ్యి. మా బాపుకు చెవులు వినపడయి. నా పెదవులు చూసే పాట పట్టుకుంటడు. గిట్ల సాగదీస్తె ఆయనకు అందది."

అన్న నా దిక్కు తిరిగి, ఈ పాట ఆయనదేనా అని అడిగాడు. అవునన్నాను. అన్న మళ్లీ కంప్యూటర్ దిక్కు తిరిగాడు. తర్వాత సౌండ్ బంద్ చేసి ఆ ముక్కను నెమ్మదిగా ఒకసారి, మామూలుగా ఒకసారి వేసుకొని చూశాడు. సౌండ్ లేకుండానే తన పెదవులు కదుపుతూ చూశాడు. చూసి, మంచిదక్కా, కుదుపుంటె ఉండనీ అని మామూలుగా పెట్టేశాడు. అంతే కాదు, దూరం నుంచి తీసిన బిట్టు తీసేసి, నా ముఖం దగ్గరగా ఉన్నది వెతికి పెట్టాడు. పాటలో రెండు పాదాలూ పూర్తిగా ఉంచాడు. తన పద్ధతి తనకు తెలిసినవాడు నా కోసం దాన్ని పక్కన పెట్టాడు. ఆ మేలు నేను మరిచిపోను.

వీడియో వచ్చాక కింద రాసినవాళ్లలో కొందరు మధ్యలో ఎడిటింగ్ తప్పుపోయిందన్నారు. చాలామంది మాత్రం ఆ చొక్కా అక్క ఎవరని అడిగారు. ఇప్పటికీ దేవరకొండ బస్టాండులో కాలేజీ పిల్లలు చొక్కా అక్కా అని పిలుస్తారు. మా ఆయన, చొక్కా నాది, పేరు నీకా అంటాడు. మా అత్త ఆ వీడియో చూసి, సాలు వంకర లేదు అని ఒక్క మాటంది. ఆమె చూసింది నాటునే. ఆమె ఆ రోజు నడుము ఎత్తకపోతే నేను ఒడ్డు మీదే ఉండిపోయేదాన్ని. ఒకసారి ఆ మాట చెప్పి కాళ్లకు మొక్కబోతే, బియ్యం చెరిగినవా లేదా అని అడిగింది.

అయితే అవన్నీ తర్వాతి సంగతులు. వీడియో వచ్చిన తెల్లారే నేను బాపు దగ్గరికి పోయాను. ఈసారి ఏమీ చెప్పకుండా ఫోన్ చేతిలో పెట్టాను. డ్రోన్ లేచినప్పుడు, పొలం ఎవరిదని అడిగాడు. హీరోయిన్ పిల్ల వచ్చింది, మర్యాదగా చూశాడు. సాలు వచ్చింది. నా ముఖం వచ్చింది. బాపు కండ్లద్దాలు పైకి జరుపుకొని ఫోన్ దగ్గరికి వంగాడు. మొదట ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు. తర్వాత చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి. గొంతు రావడం లేదు, యాడ బోతవే మబ్బు అని పెదవులు మాత్రమే అంటున్నాయి, నాతో పాటే, నేనెక్కడ ఆగితే అక్కడ ఆగుతూ.

ఆ ముక్క అయిపోగానే మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ వేశాను. మళ్లీ చూశాడు. ఫోన్ ఒళ్లో పెట్టుకొని నా ముఖం చూశాడు.

"ఊపిరి తెగుతలేదు బిడ్డా. చిన్నగున్నప్పుడు జరసేపు కాడికి వచ్చెటాలకు తెగేది నీకు. ఇప్పుడు కూసోరాదే దాంక ఒక్క పట్టున పోతున్నవ్. మంచిగ పాడినవ్."

చెవులు పోయాక ఆయన నా పాటకు చెప్పిన మొదటి మాట అది. ఇక ఎప్పటికీ రాదనుకున్న మాట. నువ్వు నేర్పిందే బాపూ అన్నాను. అంటుంటే నా పెదవులు వణికిపోయాయి. బాపు నా నోటి దిక్కే చూస్తున్నాడు, కానీ ఆ వణుకులో మాట దొరకలేదు. ఏమన్నవ్, మళ్ల చెప్పు అన్నాడు. నేను కొంగుతో ముఖం తుడుచుకొని, ఆయనకెదురుగా సర్దుకొని కూర్చొని, నెమ్మదిగా మళ్లీ చెప్పాను.